స్పానిష్‌లో ఆట ఆడినా మాటలు గుర్తుండని సమస్య: నాకు పనిచేసిన పద్ధతి

పొలం సాగుచేసే వీడియో ఆట స్టార్‌డ్యూ వ్యాలీని నెలల తరబడి స్పానిష్‌లో ఆడాను. పనులన్నీ పూర్తయ్యేవి, మాటలు మాత్రం ఒక్కటీ నిలిచేవి కావు. బొమ్మలు చూసి లాగించేస్తున్నానన్నమాట. ప్రతి పదానికీ నిఘంటువు తెరవడం, ఎవరో తయారుచేసిన పదాల జాబితా బట్టీపట్టడం, ఆట మార్చడం, ఏదీ ఫలించలేదు.

చివరికి ఇలా చేశాను. ముందు తెలిసిన భాషలోనే మొదటి వసంతకాలం, అంటే ఆటలోని 28 రోజులు, పూర్తిచేశాను. తర్వాత మొదటి తెరలో భాష మార్చి, మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాను. కథ తెలుసు కాబట్టి మనసంతా మాటల మీదే. పనిముట్టు చేతిలోకి తీసుకునే ముందు దాని పేరు పైకి పలికేవాణ్ణి. నీళ్లు పోసే డబ్బా ‘రెగదేరా’ అలాగే నోటికి వచ్చేసింది. సంభాషణ నడుస్తున్నప్పుడు ఆటలో గడియారం ఆగుతుంది, అందుకే తొందరపడకుండా రోజుకు మూడు వాక్యాలు చేత్తో రాసుకున్నాను. మర్నాడు ఆట తెరిచే ముందు వాటిని చూడకుండా చెప్పాలి. అసలు కీలకం ఈ మెట్టే అని నా నమ్మకం.

చదవడం బాగా మెరుగుపడింది, విని అర్థం చేసుకోవడం అంతగా కాదు. ఇందులో పాత్రలు గొంతు విప్పి మాట్లాడవు. వేగంగా సాగే పోరాట ఆటల్లో ఇది కుదురుతుందని చెప్పలేను.