మాట్‌ప్లాట్‌లిబ్ గ్రాఫ్ తేడాగా వస్తే ఎక్కడ వెతకాలి

మాట్‌ప్లాట్‌లిబ్ పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ. దానితో గీసిన గ్రాఫ్ ఖాళీగా వచ్చినా, గీత అడ్డదిడ్డంగా తిరిగినా, అక్షరాలు అంచు దగ్గర తెగిపోయినా చాలామంది ముందు ప్లాట్ ఆదేశాన్నే తిరగరాస్తారు. అక్కడ తప్పుండటం అరుదు. లైబ్రరీకి అందిన డేటా, తెర మీద చూపించే బ్యాకెండ్, ఫైలుగా మార్చే సేవ్‌ఫిగ్, ఈ మూడింటిలో ఒకచోట తేడా ఉంటుంది. ముందు ఆ చోటేదో తేల్చుకోవాలి. (ఆదేశాల పేర్లు ఇక్కడ పలికినట్టు రాశాం. కోడ్‌లో ఎప్పటిలాగే ఇంగ్లిష్‌లో టైపు చేయాలి.)

తేల్చడానికి నాలుగు లైన్ల పరీక్ష చాలు. కొత్త ఫైలులో 1, 2, 3లకు ఎదురుగా 1, 4, 9 గీయండి. సేవ్‌ఫిగ్‌తో పీఎన్‌జీగా దాచండి. ఆ తర్వాతే విండోలో చూపించే షో() పిలవండి. పీఎన్‌జీ బాగుండి విండో తెరుచుకోకపోతే తేడా బ్యాకెండ్‌లో ఉంది. రెండూ బాగుంటే లైబ్రరీకి ఏ లోపమూ లేదు, మీ డేటాను చూడాలి. ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతే రెండు విషయాలు చూడండి. ఒకటి, మీ ఫైలుకే మాట్‌ప్లాట్‌లిబ్ అని పేరు పెట్టారేమో; అలా పెడితే పైథాన్ అసలు లైబ్రరీని వదిలి మీ ఫైలునే ఎత్తుకుంటుంది. రెండు, లైబ్రరీలను తెచ్చిపెట్టే పిప్ ఒక పైథాన్‌లో ఇన్‌స్టాల్ చేస్తుంటే మీరు మరో పైథాన్ నడుపుతున్నారేమో. పిప్‌ను విడిగా పిలవకుండా ‘పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్’ అని ఇస్తే ఈ తికమక ఉండదు.

విండో రాకపోవడం, ఫైలు ఖాళీగా రావడం

ప్రస్తుత బ్యాకెండ్ పేరు చెప్పే గెట్_బ్యాకెండ్() పిలిస్తే ‘ఆగ్’ అని వచ్చిందా? ఆగ్ బొమ్మను ఫైలులోకి మాత్రమే గీస్తుంది, విండో తెరవలేదు. తెర లేని సర్వర్‌లో మాట్‌ప్లాట్‌లిబ్ తనంతట తానే దీనికి మారిపోతుంది. అక్కడ షో()తో కుస్తీ పట్టకుండా సేవ్‌ఫిగ్‌తో దాచుకోవడమే సరైన పద్ధతి. సొంత కంప్యూటర్‌లోనూ ఇదే వస్తుంటే విండో గీసే సరంజామా లేదని అర్థం: పైక్యూటీ6 ఇన్‌స్టాల్ చేయండి, లేదా లినక్స్‌లో టీకే‌ఇంటర్ ప్యాకేజీని విడిగా వేసుకోండి. జూపిటర్ నోట్‌బుక్‌లో బొమ్మను జూమ్ చేయాలంటే ఐపీవైఎంపీఎల్ ప్యాకేజీ వేసి, ‘%మాట్‌ప్లాట్‌లిబ్ విడ్జెట్’ అని రాయాలి.

విండోలో చక్కగా కనిపించిన బొమ్మ ఫైలులో తెల్ల కాగితంలా ఉందంటే షో() ముందు, సేవ్‌ఫిగ్ తర్వాత రాసి ఉంటారు. విండో మూసేయగానే పైప్లాట్ (ప్లాట్, షో లాంటి ఆదేశాలుండే భాగం) ఆ ఫిగర్‌ను, అంటే మొత్తం బొమ్మను, వదిలేస్తుంది. తర్వాత వచ్చిన సేవ్‌ఫిగ్‌కు ఏ ఫిగరూ దొరక్క కొత్తది, ఖాళీది తయారుచేసి దాన్నే దాస్తుంది. ఎప్పుడూ ముందు దాచి, ఆ తర్వాత చూపించండి. ‘ఫిగ్, యాక్స్ = సబ్‌ప్లాట్స్()’ అని మొదలుపెట్టి, ఫిగ్.సేవ్‌ఫిగ్ అని ఫిగర్ పేరుతోనే పిలిచే అలవాటు ఇంకా మంచిది. ఒకే ఫిగర్‌లో చాలా గ్రాఫులున్నప్పుడు శీర్షికలు వేరే గడిలోకి, అంటే వేరే గ్రాఫులోకి, పోవడం కూడా దీనితోనే ఆగుతుంది. ప్లాట్ టైటిల్ ప్రస్తుతం చురుగ్గా ఉన్న గడికి, అంటే సాధారణంగా చివరగా తయారైన గడికి, పోతుంది. యాక్స్.సెట్_టైటిల్ మాత్రం చెప్పిన గడికే పోతుంది.

డేటా దగ్గర

ఎక్కువ సమయం తినేసేది ఇదే. ఎక్స్ అక్షం కింద అంకెలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నల్ల పట్టీలా కనిపిస్తే, లేదా వై అక్షం మీద 10, 9, 200 అంటూ వరస తప్పితే, మీ అంకెలు అంకెలు కావు, స్ట్రింగ్‌లు, అంటే అక్షరాలుగా దాచినవి. స్ట్రింగ్ కనిపిస్తే మాట్‌ప్లాట్‌లిబ్ దాన్ని వర్గం పేరుగా తీసుకుని, వచ్చిన వరసలోనే సమాన దూరాల్లో పేరుస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు కాబట్టే ఇది ప్రమాదకరం. కాలమ్‌లో ఏ రకం విలువలున్నాయో చెప్పే డీటైప్ చూడండి, ‘ఆబ్జెక్ట్’ అని గానీ ‘ఎస్‌టీఆర్’ అని గానీ ఉంటే దొరికినట్టే. సీఎస్‌వీలో ఒక్క గడిలో ‘లేదు’ అనో గీత గుర్తో ఉన్నా కాలమ్ మొత్తం స్ట్రింగ్ అయిపోవచ్చు. పట్టికలతో పనిచేసే లైబ్రరీ పాండాస్‌లో టు_న్యూమరిక్‌ను ఎర్రర్స్='కోఎర్స్'తో పిలిస్తే మారనివి నాన్ (విలువ లేదని చెప్పే గుర్తు) అవుతాయి. అక్కడితో ఆపకండి. ఎన్ని నాన్‌లు వచ్చాయో ఇస్‌నా().సమ్()తో లెక్కపెట్టండి. మూడు ఊహిస్తే మూడు వందలు వచ్చాయంటే సమస్య గ్రాఫ్‌ది కాదు, ఫైలుది.

నాన్ ఉన్నచోట గీత తెగుతుంది. రెండు నాన్‌ల మధ్య ఒంటరిగా మిగిలిన విలువకు కలపడానికి పొరుగు లేదు కాబట్టి అసలు కనిపించదు. డేటాలో ఖాళీలున్నాయని అనుమానం ఉంటే మార్కర్='ఓ' పెట్టి చూడండి.

తేదీలు స్ట్రింగ్‌లుగా ఉన్నా ఇదే గొడవ. టు_డేట్‌టైమ్‌తో మార్చేటప్పుడు ఫార్మాట్ తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే 03-04-2024ను ఏప్రిల్ 3గా కాక మార్చి 4గా చదివే ప్రమాదం ఉంది. గీత వెనక్కీ ముందుకీ పరుగెడుతుంటే ఎక్స్ విలువలు వరసలో లేవన్నమాట. ప్లాట్ ఇచ్చిన వరసలోనే కలుపుతుంది తప్ప సర్దిపెట్టదు. ఆర్గ్‌సార్ట్‌తో ఎక్స్, వై విలువలు రెండింటినీ కలిపి సర్దండి.

లాగ్ స్కేల్‌లో గీత నిట్టనిలువుగా కిందికి పడిపోతే అక్కడ సున్నా గానీ రుణ సంఖ్య గానీ ఉంది. అవి నిజమైన కొలతలే అయితే సున్నా దగ్గర మామూలు స్కేల్‌గా ఉండే సిమ్‌లాగ్ వాడండి. ఆ మామూలు భాగం ఎక్కడిదాకో చెప్పే లిన్‌థ్రెష్ విలువను మీ కొలతల్లోని నాయిస్ స్థాయికి దగ్గరగా పెట్టండి. అక్షం మూలన చిన్న ‘+1.013ఈ5’ కనిపిస్తే, పక్కనున్న ప్రతి అంకెకూ దాన్ని కలిపి చదవాలి. చదివేవాళ్లు చాలామంది దాన్ని గమనించరు; టిక్‌లేబుల్_ఫార్మాట్‌లో యూజ్‌ఆఫ్‌సెట్=ఫాల్స్ ఇచ్చి తీసేయడం మేలు. మాట్రిక్స్‌ను బొమ్మగా చూపే ఇమ్‌షోలో బొమ్మ తలకిందులైతే ఆరిజిన్='లోయర్' ఇవ్వండి. మాట్రిక్స్ మొదటి వరస పైన ఉండాలన్నది దాని డీఫాల్ట్.

పరిమాణం, అక్షరాలు

డీఫాల్ట్ ఫిగర్ 6.4 అంగుళాల వెడల్పు, 4.8 అంగుళాల ఎత్తు, డీపీఐ (అంగుళానికి చుక్కలు) 100. డీపీఐ=300తో దాస్తే 1920×1440 పిక్సెళ్లు వస్తాయి. అయితే డీపీఐ పెంచినంత మాత్రాన అక్షరాలు చదవడానికి వీలుగా మారవు. 7 అంగుళాల ఫిగర్‌ను వ్యాసంలో 3.5 అంగుళాల కాలమ్‌కి కుదిస్తే 10 పాయింట్ల అక్షరం 5 పాయింట్లయిపోతుంది. అచ్చులో ఎంత వెడల్పు ఉంటుందో మొదటే ఫిగ్‌సైజ్‌లో ఇవ్వండి, తర్వాత కుదించే పని పెట్టుకోవద్దు.

అక్షం పేర్లు తెగిపోతుంటే సబ్‌ప్లాట్స్‌లో లేఅవుట్='కన్‌స్ట్రెయిన్డ్' ఇవ్వండి. సేవ్‌ఫిగ్‌లో బీబాక్స్_ఇంచెస్='టైట్' కూడా పనిచేస్తుంది గానీ అది ఫైలు కొలతనే మార్చేస్తుంది. పత్రిక కచ్చితమైన వెడల్పు అడిగినప్పుడు దాన్ని వాడకండి. టైప్ 3 ఫాంట్లున్నాయని పీడీఎఫ్‌ను తిప్పి పంపితే మాట్‌ప్లాట్‌లిబ్ సెట్టింగులుండే ఆర్‌సీపారమ్స్‌లో పీడీఎఫ్.ఫాంట్‌టైప్‌ను 42 చేయండి. లక్ష చుక్కల స్కాటర్ వల్ల పీడీఎఫ్ బరువెక్కితే ఆ స్కాటర్‌కు మాత్రం రాస్టరైజ్డ్=ట్రూ ఇవ్వండి. చుక్కలు మాత్రమే పిక్సెళ్లుగా మారతాయి, అక్షరాలు వెక్టర్‌గానే ఉంటాయి.

గ్రీకు గుర్తులు రాసే స్ట్రింగ్ ముందు ‘ఆర్’ పెట్టడం మరవకండి. లేకపోతే టౌ ముందున్న బ్యాక్‌స్లాష్, టీ కలిసి ట్యాబ్ అవుతాయి. న్యూ అయితే కొత్త లైను అవుతుంది.

తెలుగు లేబుళ్లు డబ్బాలుగా కనిపించడానికి కారణం డీఫాల్ట్ ఫాంట్ డెజావు సాన్స్‌లో తెలుగు లేకపోవడం. నోటో సాన్స్ తెలుగు ఫైలును ఫాంట్‌మేనేజర్.యాడ్‌ఫాంట్‌తో జోడించి, ఫాంట్.ఫ్యామిలీలో ఆ పేరు ఇవ్వండి. డబ్బాలు పోయినా ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జరిగి కనిపించవచ్చు. అప్పుడు తప్పు ఫాంట్‌ది కాదు. ఆగ్ ఒక్కో అక్షరాన్ని విడివిడిగా పేర్చే వెర్షన్లలో అలా అవుతుంది. ఎస్‌వీజీ.ఫాంట్‌టైప్‌ను 'నన్' చేసి ఎస్‌వీజీగా దాస్తే అక్షరాలు కూర్చే పని బ్రౌజర్ చూసుకుంటుంది, అది చక్కగా చేస్తుంది. పీడీఎఫ్ కావాలంటే లాటెక్‌తో పీడీఎఫ్ తయారుచేసే పీజీఎఫ్ బ్యాకెండ్‌ను జీలాటెక్‌తో నడపండి.

లూప్‌లో వందల గ్రాఫులు గీస్తుంటే 20 ఫిగర్లు దాటగానే హెచ్చరిక వస్తుంది. దాన్ని అణచివేయకండి. సేవ్‌ఫిగ్ వెంటనే ప్లాట్ క్లోజ్(ఫిగ్) పిలవండి, ఫిగర్లు మెమరీలో పేరుకుపోవు.