పాత పనిముట్లు, పాఠం 4: రందా వయసు పట్టుకోవడం

పోయిన పాఠంలో కిరోసిన్, పాత టూత్‌బ్రష్‌తో తుప్పు వదిలించడం చూశాం కదా, ఇప్పుడు చెక్కని నున్నగా చేసే ఇనుప రందా సంగతి. చిత్రిక అన్నా ఇదే, మన దగ్గర వడ్లోళ్ళు ఎక్కువగా రందా అనే అంటారు కాబట్టి నేనూ అదే రాస్తా.

ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకోండి, రందాకి ఒక్క పుట్టినరోజు ఉండదు. బ్లేడు అరిగితే మారుస్తారు, పిడి విరిగితే ఏ టేకు ముక్కో చెక్కి బిగిస్తారు, మూత పోతే ఇంకో రందాది పీకి పెడతారు. మన హైదరాబాద్ సిటీలో దొరికేవి సగం కిచిడీ మాలే. అందుకే ఏ పార్టుకి ఆ పార్టు విడిగా చూడాలి, బాడీని అన్నిటికంటే ఎక్కువ నమ్మాలి.

ఇది నేను పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌లో ఓ గురువారం పొద్దున తెచ్చిన స్టాన్లీ కంపెనీ నంబర్ 5 మోడల్ రందా, అమ్మేటాయన "అంగ్రేజోంకా మాల్ హై సాబ్" అని 1200 చెప్తే 650కి తెగింది. బ్లేడు తీసి పక్కన పెట్టండి, అది లోకల్‌ది, దానితో మనకి పని లేదు. పైన బ్లేడుని అదిమి పట్టే మూత ఉంటుంది చూడండి, దాని స్క్రూ కన్నం తాళంచెవి కన్నంలా నిటారుగా కాకుండా జీడిపప్పులా వంగి ఉంది. ఈ వంపు కన్నం 1933 నుంచి వచ్చింది, అంటే మూత అంతకుముందుది కాదు. కొన్ని అమెరికా రందాల్లో బ్లేడు కింద, బాడీ మీద పేటెంట్ తేదీలు పోతపోసి ఉంటాయి, 1902వి రెండు, 1910 ఏప్రిల్ 19ది ఒకటి అట్లా. అవి చూసి 1910 మాల్ అని ఎగరకండి, చివరి తేదీ తర్వాత ఎప్పుడైనా చేసి ఉండొచ్చు అని మాత్రమే దాని అర్థం. నా దాంట్లో అవేం లేవు, బాడీ మీద "మేడ్ ఇన్ ఇంగ్లాండ్" అని ఉంది. స్టాన్లీ వాళ్ళు అమెరికా కంపెనీ, ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్‌లో రందాలు చేయడం మొదలైంది 1930ల చివర్లో, కాబట్టి బాడీ అంతకంటే పాతది అయ్యే చాన్సే లేదు.

ఇగ అసలు మజా పక్క గోడ మీద ఉంది, పంచ్‌తో కొట్టిన మూడు అక్షరాలు, ఎన్, ఎస్, ఆర్. నిజాం స్టేట్ రైల్వే. నిజాం సర్కారు 1930లో కొనకముందు అది నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, అప్పుడు మధ్యలో "జి" కూడా ఉండేది. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, సౌత్ సెంట్రల్ వచ్చింది 1966లో. అంటే నా రందా 1930ల చివరకీ 1951కీ మధ్యది, లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పని చేసిందేమో అని నా ఆశ, కానీ రుజువు లేదు కాబట్టి నోట్‌బుక్‌లో రాసుకోలేదు. ముద్ర ఓనర్‌ది, చేసినోళ్ళది కాదు, వస్తువు ఎప్పుడూ ముద్ర కంటే కొంచెం పాతదే అయ్యుంటది.

ముద్ర దగ్గర మాత్రం గ్రైండర్ పెట్టకండి బాబూ. మొదట్లో నేను ఓ పెద్ద పానా తెచ్చి వైర్ వీల్‌తో తళతళా మెరిపించా, చూస్తే "ఎన్", చివర్లో "ఆర్" మాత్రం మిగిలాయి, మధ్యలో జి ఉందో లేదో ఇప్పుడు ఆ దేవుడికే తెలియాలి, 1930కి ముందో తర్వాతో తేలదు. ఇప్పటికీ టూల్ బాక్స్ తెరిస్తే మొదట అదే కనబడుద్ది, కావాలనే పైన పెట్టుకున్నా. ముద్ర మీద చాక్‌పీస్ పొడి రుద్ది, గది లైటు ఆపి, ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి వాల్చి పట్టండి, కనబడని గీతలు కూడా లేస్తాయి. తర్వాత పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి.

హోంవర్క్: తాతలదో మేస్త్రీదో ఒక్క పాత రందా పట్టుకుని బాడీ, మూత, బ్లేడు, పిడి, నాలుగింటికీ నాలుగు లైన్లు రాయండి, తెలియని చోట ఖాళీ వదిలేయండి. వచ్చే పాఠం రంపాలు, వాటి పిడికి ఉండే ఇత్తడి బిళ్ళ పారేయకుండా దాచి ఉంచండి.