చలనాన్ని పసిగట్టే నాడీకణానికి గణిత నమూనా కట్టే విధానం

దృశ్య వల్కలం, అంటే చూపును విశ్లేషించే మెదడు భాగం, కదిలే బొమ్మను ఎలా గ్రహిస్తుందో లెక్కలో చూడదలచినవారు, 1985లో శాస్త్రవేత్తలు ఎడెల్సన్, బెర్గెన్ ప్రతిపాదించిన చలనశక్తి (మోషన్ ఎనర్జీ) నమూనాతో మొదలుపెట్టడం మేలు. దీనికి త్రికోణమితి, కొద్దిపాటి పైథాన్ ప్రోగ్రామింగ్ చాలు.

ముందుగా కాగితంపై అడ్డంగా స్థానాన్ని, నిలువుగా కాలాన్ని గుర్తించండి. కదలని గీత నిలువు చారగా, కదిలే గీత ఏటవాలు చారగా పడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ చార మరింత పడుకుంటుంది. కాబట్టి చలనాన్ని కనిపెట్టడమంటే ఈ వాలును కనిపెట్టడమే.

స్థానానికి రెండు గాబోర్ ఫిల్టర్లు, అంటే గాసియన్ (గంట ఆకారపు) తొడుగులో ఒక కొసైన్, ఒక సైన్ తీసుకోండి. కాలానికి త్వరగా స్పందించేది ఒకటి, నిదానంగా స్పందించేది ఒకటి కావాలి. వీటిని గుణిస్తే వచ్చే నాలుగు ఫిల్టర్లలో ఏదీ ఒంటరిగా దిశను చెప్పలేదు. అయితే కొసైన్-నిదానం, సైన్-త్వర లబ్ధాలను కూడితే ఒకవైపు, తీసివేస్తే ఎదురువైపు వాలిన ఫిల్టరు వస్తుంది. మిగిలిన జతతోనూ ఇదే చేస్తే దిశకు రెండేసి సిద్ధమవుతాయి.

ఈ ఫిల్టర్లను బొమ్మపై నడిపి, ఒక దిశకు చెందిన రెండు ఫలితాలను వర్గం చేసి కూడండి. సైన్, కొసైన్ వర్గాల మొత్తం ఒకటే కనుక, చారలు జరుగుతున్నా ఈ శక్తి ఊగిసలాడదు. 1962లో హ్యూబెల్, వీసెల్ పిల్లి మెదడులో వర్ణించిన సంక్లిష్ట కణాలు కూడా గీత కచ్చితమైన చోటును ఇలాగే పట్టించుకోవు. కుడి శక్తి నుంచి ఎడమ శక్తిని తీసివేస్తే, ఫలితం గుర్తే దిశ.

నేను మొదటిసారి రాసినప్పుడు గీత తెరపైకి రాకముందే కణం స్పందించింది! పైథాన్ గణిత లైబ్రరీ నమ్‌పైలో కన్వల్యూషన్‌ను (ఫిల్టరును బొమ్మ వెంట జరుపుతూ గుణించి కూడడాన్ని) ‘సేమ్’ పద్ధతిలో వాడడంతో ఫలితం ముందుకు జరిగింది. ‘ఫుల్’ వాడి, తొలి భాగాన్ని మాత్రమే ఉంచుకోవాలి.

పరీక్షకు, చూపు కోణంలో డిగ్రీకి 2 చారలున్న (ఒక చార అంటే ఒక వెలుగు, ఒక నీడ పట్టీల జత) బొమ్మను సెకనుకు 8 చారలు దాటేలా, అనగా సెకనుకు 4 డిగ్రీల వేగంతో నడపండి. దిశ మారిస్తే గుర్తు మారాలి. ఉన్నచోటే మిణుకుమనే చారలకు సగటు దాదాపు సున్నా రావాలి. ఫ్రేముకు అర చారకు మించి జరిపితే మాత్రం, సినిమాలో రథచక్రం వెనక్కి తిరిగినట్టు, నమూనా కూడా మోసపోతుంది.

వర్గం చేసిన విలువలు వెలుగునీడల తేడాతో పాటు హద్దు లేకుండా పెరుగుతాయి; అందుకే హీగర్ 1992లో చూపినట్టు, ప్రతి కణం ఫలితాన్ని ఇరుగుపొరుగు కణాల మొత్తానికి ఒక స్థిరాంకం కలిపి దానితో భాగించాలి.