కంపోస్టు డబ్బా కంపు కొడుతోందా? ముందు ఆకుల సంచి చూడండి

మా డాబా మీద కంపోస్టు డ్రమ్ముకు ఆనుకుని ఎప్పుడూ ఒక గోనెసంచి ఉంటుంది. అందులో ఉండేవి ఎండుటాకులు. తెలిసినవాళ్లెవరైనా ఫోను చేసి "డబ్బాలో పురుగులు పడ్డాయి", "వాసనకు పక్కింటివాళ్లు గొడవ పెడుతున్నారు" అంటే నేను అడిగే మొదటి మాట: ఆకుల సంచిలో ఎంత మిగిలింది? "అది ఎప్పుడో అయిపోయిందండీ" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. సగం రోగం అక్కడే తేలిపోతుంది.

కూరగాయల తొక్కుల్లో నీళ్లు ఎక్కువ, నత్రజని ఎక్కువ. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. చెత్తను ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకు ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కర్బనం ఉంటే హాయి. రోజూ తూకం వేసుకుంటూ కూర్చోలేం కాబట్టి ఒక గిన్నె తొక్కులకు రెండు గిన్నెల ఎండుటాకులు అని గుర్తు పెట్టుకోండి. చిక్కేమిటంటే తొక్కులు ఏడాది పొడవునా వస్తాయి, ఆకులు మాత్రం రెండు నెలలే రాలతాయి.

కుళ్లిన గుడ్ల వాసన

జులై నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్‌లో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. వాన నీళ్లు లోపలికి దిగి, తొక్కులు మెత్తబడి, మధ్యలో గాలి ఆడే సందులన్నీ మూసుకుపోతాయి. అప్పుడు గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పెత్తనం తీసుకుంటుంది. ఆ వాసన అది వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది.

నిర్ధారించుకోవడానికి ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు కారితే తడి సరిగ్గా ఉన్నట్టు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు ధారగా కారితే మునిగిపోయినట్టే. పిడికిలి విప్పగానే పొడిపొడిగా రాలిపోతే ఎండిపోయినట్టు. ఇంతకంటే మంచి పరికరం నేను ఇప్పటిదాకా కొనలేదు.

మునిగిన డ్రమ్మును పైపైన కలిపితే లాభం లేదు. మొత్తం ఒక పట్టా మీద గుమ్మరించి, ముద్దలు చిదిపి, ఎండుటాకులు ధారాళంగా కలపండి. ఒక పూట ఆరనిచ్చి మళ్లీ నింపండి. అడుగున నాలుగు వేళ్ల మందాన కొబ్బరి పీచు, ఎండుపుల్లలు పరిస్తే నీళ్లు నిలవవు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు తిరగేస్తే రెండు మూడు రోజుల్లోనే వాసన తగ్గుతుంది. వానకు పైన రేకు అడ్డం పెట్టండి, కానీ గాలి ఆడకుండా మూత బిగించవద్దు. డ్రమ్ము అడుగున రంధ్రాలు ఉంటే కింద ఒక పళ్లెం తప్పనిసరి. మొదటి ఏడాది నేను పెట్టలేదు. ఒక రాత్రి వానకు టీ డికాక్షన్ రంగు నీళ్లు పిట్టగోడ తూములోంచి జారి, కింది అంతస్తు బాల్కనీలో ఆరేసిన తెల్ల పంచె మీద పడ్డాయి. పెద్దాయన ఏమీ అనలేదు. పంచె తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

గాలి లేకుండా కుళ్లడం అన్నిచోట్లా తప్పేమీ కాదు. బోయినపల్లి కూరగాయల మార్కెట్లో మిగిలిన సరుకును మూసిన ట్యాంకుల్లో అలాగే కుళ్లబెట్టి, వచ్చిన గ్యాసుతో కరెంటు తీస్తున్నారు. రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థాల నుంచి సుమారు 500 యూనిట్లు వస్తాయని 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో ప్రస్తావించింది ఈ మార్కెట్‌నే. గ్యాసును పట్టుకునే ట్యాంకు వాళ్లకుంది, మన డ్రమ్ముకు లేదు. తేడా అంతే.

పులిసిన వాసన, ఘాటు వాసన

పులిసిన పిండి వాసన వస్తే రాత్రి మిగిలిన అన్నం మూకుమ్మడిగా వేశారని అర్థం. అన్నం ముద్దకట్టి లోపల ఆమ్లాలు తయారవుతాయి. గుప్పెడు అన్నాన్ని పొడి కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొడిలో, పొరలాడించి వేస్తే ఏమీ కాదు. నూనె తేలే బిర్యానీ, సాంబారు, ఎముకలు మాత్రం చిన్న డబ్బాలో వద్దు. కళ్లు మండించే అమ్మోనియా ఘాటు ఇళ్లలో అరుదు. లాన్ కోసిన పచ్చగడ్డిని కుప్పగా వేసినప్పుడే వస్తుంది. ఎండుటాకులు కలిపి తిరగేస్తే సరి.

పురుగులు

చాలామంది కంపోస్టుకు శాశ్వతంగా దణ్ణం పెట్టేసేది ఇక్కడే. కాబట్టి పారబోసే ముందు ఒకసారి దగ్గరగా చూడండి. రెండు సెంటీమీటర్ల దాకా పొడవు, బల్లపరుపు ఒళ్లు, తోలులాంటి చర్మం, అడ్డంగా గీతలు, మొదట గోధుమ తెలుపు, ముదిరాక ముదురు గోధుమ రంగు ఉంటే అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాలు. మీ దగ్గర జీతం తీసుకోకుండా పనిచేసే కూలీలవి. పెద్దయ్యాక వచ్చే నల్లటి ఈగ కుట్టదు, మన అన్నం మీద వాలదు. ముదిరిన లార్వాలు గోడలెక్కి బయటికి పాకడమే ఒక్క ఇబ్బంది. ఊడ్చి మట్టి కుండీలో వేస్తే పక్షులు చూసుకుంటాయి.

సన్నగా, తెల్లగా, మెత్తగా కదిలేవి మాత్రం మామూలు ఈగల పిల్లలు. పైన తిండి కనబడుతూ ఉంటేనే అవి చేరతాయి. మే నెలలో మామిడి తొక్కలతో వచ్చే చిన్న దోమల్లాంటి పండు ఈగల గుడ్లు తొక్కల మీదే ఉంటాయి, మనమే ఇంటికి తెచ్చుకుంటాం. రెండింటికీ మందు ఒకటే: కొత్త చెత్తను లోపలికి తోసి, పైన రెండు అంగుళాల ఎండుటాకులు కప్పడం. గుప్పెడు వేపపిండి చల్లితే ఇంకా మంచిది. పురుగుమందు మాత్రం కొట్టకండి, పనిచేసే జీవాలు కూడా పోతాయి. తెల్లటి బూజు కనబడితే కంగారు వద్దు, అది శుభవార్త.

నెలలు గడిచినా తొక్క తొక్కలాగే

ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటితే డాబా మీద డ్రమ్ము పెనం అవుతుంది. లోపల తడి ఆరిపోయి పని ఆగిపోతుంది. చీమల బారు దానికి గుర్తు. తిరగేస్తూ నీళ్లు చిలకరించండి, ఒక లోటా పుల్ల మజ్జిగ పోయండి, డ్రమ్మును నీడకు జరపండి. తడి తగిలితే చీమలు వాటంతటవే ఖాళీ చేస్తాయి. వేడి పుట్టడం లేదని కొందరి దిగులు. మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న కుప్పలోనే వేడి నిలబడుతుంది. బకెట్టంత డబ్బాలో ఆశించకండి. నిదానంగానైనా రెండు మూడు నెలల్లో మాగుతుంది. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు ఏరేయండి. మా డ్రమ్ములో ఒక టెంక ఆరు నెలలుండి, చివరికి మొలకెత్తింది.

ఎలుకలు, పందికొక్కులు వస్తున్నాయంటే మాంసమో వండిన తిండో పడుతోందన్నమాట. అది ఆపి, రంధ్రాలకు ఇనుప జాలీ కొట్టండి.

ఎరువు వేశాక మొక్క పసుపెక్కింది

ఎరువు ఇంకా పచ్చిది. మాగని ఎరువు మట్టిలోని నత్రజనిని కూడా తన పనికే లాక్కుంటుంది. వేసే ముందు తడి ఎరువును ఒక కవరులో పెట్టి మూడు రోజులు బిగించండి. విప్పితే వానకు తడిసిన మట్టి వాసన రావాలి. కంపు వస్తే మరో నెల ఆగండి. నాలుగు మెంతులు చల్లినా చాలు, మొలిస్తే మాగినట్టే.

అపార్టుమెంట్లలో

2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే చోటును భారీ ఉత్పత్తిదారు అన్నాయి, తడి చెత్త సంగతి వీలైనంతవరకు తమ ఆవరణలోనే చూసుకోవాలన్నాయి. దాంతో చాలా సంఘాలు యంత్రాలు కొన్నాయి. 24 గంటల్లో ఎరువు వస్తుందని చెప్పి అమ్మే యంత్రాల్లో చాలావరకు చెత్తను వేడి చేసి ఆరబెట్టేవే. ఆ పొడిని కుండీలో వేసి నీళ్లు పోయగానే మళ్లీ కుళ్లుతుంది, మాలీ మీద నింద పడుతుంది. ఆ పొడికి ఆకులు కలిపి, తడిపి, నలభై రోజులు కుప్పగా మాగబెట్టాలి. డబ్బు పెట్టేవాళ్లు ముందు ఆ కుప్పకు జాగా చూసుకోవాలి.

సంచి ఖాళీ అయితే

కోడిగుడ్ల అట్టలు, ముక్కలు చేసిన పాత పేపర్లు, టింబర్ డిపోలో దొరికే రంపపు పొట్టు పనికొస్తాయి. ప్లైవుడ్ పొట్టు వద్దు, అందులో జిగురు ఉంటుంది. అసలు పంట మాత్రం ఫిబ్రవరి, మార్చి నెలల్లో. వేప, కానుగ, నిద్రగన్నేరు ఆకులు ఉగాదికి ముందు వీధుల నిండా రాలతాయి, మూలకు ఊడ్చి తగలబెట్టేస్తారు కూడా. పొద్దున్నే సంచి పట్టుకుని వెళ్లి, "అమ్మా, ఈ కుప్ప నాకివ్వండి" అని అడిగితే ఊడ్చేవాళ్లు ఎగాదిగా చూసి, "ఇదేం చేసుకుంటారు సార్?" అని నవ్వి, వాళ్లే నింపిస్తారు. కిందటేడు నింపిన ఆరు సంచులు దీపావళికే అయిపోయాయి. ఈ ఏడు పదకొండు నింపాను. మెట్ల గదిలో కాలు పెట్టడానికి చోటు లేదని ఇంట్లో ఫిర్యాదు. దానికి పరిష్కారం నా దగ్గర లేదు.