పేరు షెబ్లర్‌ది, పెట్టుబడి వీలర్‌ది

పాత కారు భాగం చేతికి రాగానే, దాని మీదున్న పేరే యజమానిది అనుకుని వెదకడం మొదలుపెడతారు చాలామంది. నా బల్ల మీదున్న షెబ్లర్ కార్బ్యురేటర్‌నే (ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించే భాగం) తీసుకోండి. అమెరికాలోని ఇండియానాపొలిస్ సరుకు, 1910లలో హార్లీ-డేవిడ్‌సన్ మోటార్‌సైకిళ్లకూ ఈ రకం బిగించేవారు. దాన్ని కనిపెట్టింది జార్జ్ షెబ్లర్. డబ్బు పెట్టి, వ్యాపారం నడిపి, కోట్లు గడించింది ఫ్రాంక్ వీలర్. మనకు కావలసింది ఈ రెండోవాడు.

ముందు ఇత్తడిని శుభ్రం చేయండి. గరుకు కాగితం, తీగ బ్రష్షు దగ్గరికి రానివ్వకండి, అక్షరాలు అరిగిపోతాయి. కిరోసిన్‌లో నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో రుద్ది, టార్చి వెలుగు పక్కవాటుగా వేసి చదవండి. ఊరి పేరు, పేటెంట్ వివరం రాసుకోండి. 1927కు ముందు అమెరికా సరుకు మీద పేటెంట్ నంబరు ఉండాలనే నియమం లేదు, పేటెంట్ ఇచ్చిన తేదీ వేస్తే చాలు. నిజానికి తేదీయే మేలు. అమెరికా పేటెంట్లు మంగళవారాలే జారీ అవుతాయి కాబట్టి, మీరు చదివిన తేదీ మంగళవారం కాకపోతే ఏదో అంకె తప్పు చదివారన్నమాట. అరిగిన 3, 8 దగ్గర ఈ కిటుకు ఎంతో పనికొస్తుంది.

అమెరికా పేటెంట్ కార్యాలయం వారంవారం వేసే గెజిట్‌లో, ఆ వారపు సంచికలో ఆ వస్తువు శీర్షిక కింద వెదికి పత్రం తెరవండి. బొమ్మలు తర్వాత చూసుకోవచ్చు. ఆవిష్కర్త పేరు పక్కన, హక్కులు ఫలానావారికి రాసిచ్చాడని ఉంటే డబ్బు జాడ దొరికినట్టే.

లేకపోతే ఆ ఊరి సిటీ డైరెక్టరీ, అంటే ఊళ్లోని మనుషుల, కంపెనీల పేర్లు, చిరునామాల పుస్తకం, పట్టుకోండి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఎవరో కంపెనీ పేరు పక్కనే వేసిన సంచికలు చాలా ఉంటాయి. ఏడాది వెంట ఏడాది చూసుకుంటూ పోండి. ఆవిష్కర్త పేరు మాయమై, కోశాధికారి అధ్యక్షుడైన ఏడు కనిపిస్తే ఆగి, ఆనాటి ‘హార్స్‌లెస్ ఏజ్’, ‘మోటార్ ఏజ్’ అనే మోటారు పత్రికలు తిరగేయండి. కొత్త కంపెనీల వార్తల్లో మూలధనం, భాగస్వాముల పేర్లు తగులుతాయి. పాత కాగితాన్ని చదివే కంప్యూటర్‌కు షెబ్లర్ లాంటి పేర్లు కొరుకుడుపడవు. ఊరి పేరు, వస్తువు పేరు కలిపి వెదకండి.

పేరులో మనిషే లేని సరుకూ ఉంటుంది. పాత కార్ల దీపాలకు ఎసిటిలీన్ గ్యాసు అందించిన ప్రెస్ట్-ఓ-లైట్ సిలిండరునే చూడండి. పేటెంట్ ఫ్రెడ్ ఏవరీది, వ్యాపారం కార్ల్ ఫిషర్, జేమ్స్ ఆలిసన్‌లది. ఈ ఇద్దరూ వీలర్, ఆర్థర్ న్యూబీలతో కలిసి 1909లో ఇండియానాపొలిస్ మోటార్ స్పీడ్‌వే అనే కారు పందేల మైదానం కట్టారు. అందుకే ఒకడి జాడ తెగిపోతే వాడి భాగస్వాముల వెంట పడతాను. పందెం వార్తల్లో, బహుమతి కప్పుల మీద కూడా ఈ పేర్లు బయటపడతాయి. వీలర్-షెబ్లర్ పేరిట ఒక వెండి కప్పే ఉంది.

మనిషి పేరు దొరికాక మిగిలింది సులువు. మరణవార్తల కోసం ఇండియానా పాత పత్రికల ఉచిత భాండాగారం ‘హూజియర్ స్టేట్ క్రానికల్స్’ చూడండి. కుటుంబ వివరాలకు అమెరికా జనగణన కాగితాలున్నాయి. 72 ఏళ్లు నిండితేగాని అవి బయటపెట్టరు కాబట్టి ప్రస్తుతానికి 1950 వరకే. ఇంటి చిరునామా కూడా వదలకండి. వీలర్, ఆలిసన్ కట్టుకున్న భవంతులు రెండూ ఇప్పుడు మేరియన్ విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఉన్నాయి.