డిస్క్ ఉన్నా తెరుచుకోని పాత గేమ్: నా అనుభవం

డబ్బు పెట్టి కొన్న ఒరిజినల్ డిస్క్ అది. విండోస్ 10లో ఇన్‌స్టాల్ అయితే బాగానే అయింది. ఐకాన్ మీద క్లిక్ చేస్తే మాత్రం కర్సర్ కాసేపు తిరిగి ఆగిపోతుంది. ఎర్రర్ కూడా రాదు. డిస్క్ పాడైపోయిందేమోనని ఒకటే టెన్షన్.

తీరా చూస్తే లోపం డిస్క్‌లో లేదు. దానికి సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ (నకలు డిస్క్‌తో గేమ్ ఆడకుండా ఆపే ఏర్పాటు) ఉంది. గేమ్ మొదలవ్వాలంటే ముందు సెక్‌డ్రవ్ అనే డ్రైవర్ (విండోస్ లోపల పనిచేసే చిన్న ప్రోగ్రామ్) ఆ డిస్క్ అసలుదేనని తేల్చాలి. భద్రతా కారణాలతో విండోస్ 10లో ఆ డ్రైవర్‌ని పెట్టలేదు. విండోస్ 7, 8లలో కూడా 2015 సెప్టెంబర్ అప్‌డేట్‌తో ఆపేశారు. అంటే తాళం తీసే మనిషిని పంపేసి తాళం మాత్రం అలాగే ఉంచారన్నమాట. నాకు ఒళ్ళు మండింది. రక్షణ తీసేసిన దొంగ కాపీ ఆడేవాడికి ఈ బాధే లేదు కదా!

ఇంట్లో మూలన పడున్న విండోస్ 7 ల్యాప్‌టాప్ పనికొచ్చింది. ముందు దాని ఇంటర్నెట్ తీసేశాను. కమాండ్ ప్రాంప్ట్‌ని (ఆదేశాలు టైప్ చేసే విండో) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, 'ఎస్‌సీ కాన్ఫిగ్ సెక్‌డ్రవ్ స్టార్ట్= డిమాండ్' అని కొట్టాను (టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే: sc config secdrv start= demand). సమానం గుర్తు తర్వాత ఖాళీ వదలాలి, ముందు వదలకూడదు. ఆ తర్వాత 'ఎస్‌సీ స్టార్ట్ సెక్‌డ్రవ్'. డిస్క్ గిర్రున తిరిగింది, గేమ్ తెరుచుకుంది.

ఆడటం అయిపోగానే 'ఎస్‌సీ స్టాప్ సెక్‌డ్రవ్' కొట్టడం మరిచిపోకండి. ఆ డ్రైవర్‌ని ఊరికే ఆన్‌లో ఉంచడం మంచిది కాదు. విండోస్ 10 వాళ్లకు ఈ కిటుకు పనిచేయదు. అదే గేమ్ కాపీ రక్షణ లేకుండా డిజిటల్‌గా దొరుకుతుందేమో చూసుకోండి. మళ్లీ డబ్బు కట్టాల్సి రావడం అన్యాయమే, కానీ నమ్మకంగా నడిచేది అదే.