అరబ్బీ పద్యం చదవడం – 4వ పాఠం: నాబిఘా క్షమాపణ

గురులఘువులు గుర్తించడం గత పాఠంలో అయింది. దీర్ఘాక్షరమూ, హల్లుతో మూసుకుపోయే అక్షరమూ గురువులు, మిగిలినవి లఘువులు. ఈసారి వాటితో ఒక పూర్తి పద్యం చదువుదాం.

కవి నాబిఘా జుబ్యానీ, అసలు పేరు జియాద్. 6వ శతాబ్దం చివరి భాగంలో ఇరాక్‌లోని హీరాలో నుమాన్ రాజు కొలువు కవి. రాజాగ్రహానికి గురై పారిపోయి, హీరాకు ప్రత్యర్థులైన సిరియా గస్సాన్ రాజుల పంచన చేరాడు. వాళ్లనూ పొగిడాడు. ఆ తర్వాత నుమాన్‌ను క్షమించమని వేడుకున్నాడు:

ఫఇన్నక షమ్సున్ వల్ములూకు కవాకిబూ
ఇజా తలఅత్ లమ్ యబ్దు మిన్హున్న కౌకబూ

"నువ్వు సూర్యుడివి, రాజులు నక్షత్రాలు. సూర్యుడు పొడిస్తే వాటిలో ఒక్క చుక్కా కనబడదు."

వృత్తం పేరు తవీల్. మనకు "యమాతారాజభానసలగం" ఉన్నట్టే అరబ్బులకూ గణాలను గుర్తుపెట్టుకునే మాటలున్నాయి. ఫఊలున్ అచ్చంగా మన య గణం. చివరి గురువు లఘువైతే జ గణం. మఫాఈలున్ అంటే య గణం మీద మరో గురువు. పాదానికి ఈ జంట రెండుసార్లు వస్తుంది. పాదాంతంలో మాత్రం మఫాఈలున్ మూడో అక్షరం లఘువై మఫాఇలున్ అవుతుంది.

ఫఇన్న | కషమ్సున్వల్ | ములూకు | కవాకిబూ
ఇజాత | లఅత్లమ్యబ్ | దుమిన్హున్ | నకౌకబూ

మాటల మధ్య ఖాళీలను గణం పట్టించుకోదు. అందుకే ముందు విడగొట్టి, తర్వాత కలిపి, గొంతెత్తి చదవండి. రెండు పాదాల చివరి మాటల దగ్గర ఆగండి. కవాకిబ్ బహువచనం, నక్షత్రాలు; కౌకబ్ ఏకవచనం, ఒక్క నక్షత్రం. మొదటి పాదంలో ఆకాశం నిండా ఉన్న చుక్కలు రెండో పాదానికి ఒక్కటైనా మిగలలేదు! ఆ చుక్కల్లో తాను పొగిడిన గస్సాన్ రాజులూ ఉన్నారు. తప్పును ఇంత అందంగా ఒప్పుకున్న పద్యాలు నేను ఎక్కువ చదవలేదు.

అభ్యాసానికి నాబిఘాదే మరో క్షమాపణ పద్యం. నాకు సూర్యుడి పద్యం కన్నా ఇదే ఎక్కువ ఇష్టం. పారిపోయినవాడి భయం ఇందులో వినిపిస్తుంది.

ఫఇన్నక కల్లైలిల్లజీ హువ ముద్రికీ
వఇన్ ఖిల్తు అన్నల్ మున్తఆ అన్క వాసిఊ

"నీకు ఎంతో దూరంలో ఉన్నాననుకున్నా, నన్ను వచ్చి చేరే రాత్రివి నువ్వు."

ఇదీ తవీలే. గణాలు విడదీసి, ఫఊలున్ ఏ పాదంలో య గణంగా, ఏ పాదంలో జ గణంగా వచ్చిందో రాసుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.